ఆరో గూడు

ఈ నేల మీద పడి ఉంటే పేలేది కాదేమో అనుకున్నాడు బొజ్జన్న. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ గది ముందున్న వరండాలో రాయి పరచలేదు. ఆకుపచ్చ షీటు ఏదో అంటించారు, అడుగు వేస్తే కాలి కింద కాస్త అణిగి మళ్ళీ లేస్తుంది, నర్సులు నడిచినా చప్పుడు రాదు. ఇటువంటి నేల మీద పడిన ఇనుము దొర్లి, ఒక పక్కకు ఒరిగి ఊరకుంటుంది. ఊర్లో తాను పనిచేసే గోపీనాథ్ రెడ్డి వాకిట్లో పరిచింది బేతంచెర్ల నాపరాయి. ఆ బండల్ని ట్రాక్టరులో తెచ్చింది తనే, పరిచిన రోజు ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో తట్టి చూసింది తనే. గుల్లగా మోగిన వాటిని పక్కన పెట్టించి, ఖణేల్‌మని పలికిన వాటినే వేయించాడు. మంచి రాళ్ళు ఏరినావని అందరూ అన్నారు. పొద్దున పదింబావుకు రివాల్వరు వీపు కిందుగా వచ్చి పడింది ఆ మంచి రాళ్ళలో ఒకదాని మీదే. తూటా కిందనుంచి పైకి లేచి తగిలింది తన భార్య గిడ్డమ్మకే, కుడి పక్కటెముకల కింద. ఇప్పుడు రెండు కావస్తోంది. గిడ్డమ్మ ఆ తలుపు వెనక ఉంది. రివాల్వరులో ఆరో తూటా పెట్టింది తానని బొజ్జన్న ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తలుపు రెండు రెక్కలది, మధ్యలో గుండ్రటి అద్దం, అద్దానికి లోపలివైపు కాగితం అంటించారు, కాగితం ఒక మూల ఊడింది. ఆ మూలలోంచి ఒక నర్సు భుజం అప్పుడప్పుడూ కనిపించి పోతోంది. బెంచీ ఈ చివర తాను, ఆ చివర గోపీనాథ్. మధ్యలో ముగ్గురు కూర్చునే చోటు ఖాళీ. గోపీనాథ్ తెల్ల పంచె మీద నెత్తురు ఎండి ఇటుక రంగుకు వచ్చింది. పంచె మార్చుకోమని ఇంటినుంచి ఫోను వచ్చింది, ఉండనీ అన్నాడు. నుదుటి మీద పూజ కుంకుమ ఇంకా ఉంది, తన నుదుటి మీదా ఉండే ఉంటుంది. గిడ్డమ్మ నుదుటి మీదిది లోపల తుడిచేసి ఉంటారు. ఆసుపత్రిలో మొదట తుడిచేది దాన్నే కాబోలు, మందు పూయడం కన్నా ముందు. ఆమెకు మందు వాసన పడదు, ఆ మాటకొస్తే రివాల్వరుకు పూసే నూనె వాసన కూడా పడదు. అది తుడిచి వచ్చిన రోజు చేతులు సీకాయతో కడుక్కునేదాకా అన్నం పెట్టేది కాదు. “నీ చిన్న పెండ్లాము కాన్నుంచి వచ్చినావా? పో, కడుక్కో పో. నాతో ఏడాదికి పది మాటలు, దానికి మాత్రం నెలకో బట్ట” అనేది. నవ్వుతూనే అనేది. తాను నవ్వి ఊరుకునేవాడు. అందులో నిజం లేకపోలేదు.

ఇరవై ఆరేండ్లు. నెలకొకసారి, బీరువాలోంచి తీసి, తోలు సంచిలోంచి బయటికి లాగి, తూటాలు తీసి పళ్ళెంలో పెట్టి, సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి గొట్టంలోకి పంపి లాగడం. గొట్టంలో నుంచి వెలుతురుకు చూస్తే లోపల మెలికలు తిరిగిన గీతలు, నీళ్ళు సుడి తిరిగినట్టు. ఆ రివాల్వరు గోపీనాథ్ తాతది, లైసెన్సు ఇప్పుడు గోపీనాథ్ పేరు మీద ఉంది. బొజ్జన్న పేరు ఏ కాగితం మీదా లేదు. దానితో ఎవరినీ కాల్చింది లేదు. ఒకసారి పిచ్చికుక్క మీద కాల్చారు, తగల్లేదు, కుక్క దాని దావన అది పోయింది. ఎలక్షన్లు వస్తే దాన్ని స్టేషనులో అప్పగించాలి, అప్పుడు కారులో వెనక సీట్లో గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది బొజ్జన్నే. ఎలక్షన్లు అయినాక తెచ్చుకునేటప్పుడు స్టేషనులోనే తూటాలు తీసి ఎంచి, మళ్ళీ నింపేది కూడా అతనే. రైటరు చూస్తూనే ఉండేవాడు. అందరూ చూస్తూనే ఉండేవాళ్ళు. చూసి చూసి, అది అతని చేతి పని అయిపోయింది, పాలు పితకడం మాదిరి.

దాని మర్మం చెప్పింది పాత ఊర్లో తుపాకులు బాగుచేసే హుసేన్ పీరా. ఇప్పుడు లేడు. అప్పటికే చూపు మందగించి, వేళ్ళతోనే చూసేవాడు. రివాల్వరు వెనక పైకి లేచి టపామని పడే ఇనుప ముక్కను ఆయన ఘోడా అనేవాడు, తూటాలు దూరే ఆరు బొక్కల్ని ఖానాలనేవాడు, బొజ్జన్న మాత్రం గూళ్ళు అనుకున్నాడు, పావురాల గూళ్ళ మాదిరి ఉంటాయి గనక. “ఇది ముసల్ది అప్పా. ఈ ఘోడాకు ముక్కు ఉండాది చూడు, అది సీదా పోయి తూటా వీపు మీద కూర్చుంటాది. నువ్వు ట్రిగ్గరు నొక్కినా ఒకటే, కింద పడేసి ఘోడా మీద దెబ్బ తగిలినా ఒకటే. కొత్త వాట్లో నడిమధ్యన ఒక పట్టీ పెడతాండారు. ట్రిగ్గరు నొక్కితేనే ఆ పట్టీ పైకి లేచి ఘోడా దెబ్బను తూటాను పొడిచే సూదికి అందిస్తాది. నొక్కకుంటే పట్టీ కిందనే ఉంటాది, ఘోడా ఎంత కొట్టుకున్నా సూదికి అందదు. దీంట్లో ఆ పట్టీ లేదు. అందుకని ఆరింట్లో ఐదే నింపల్ల. ఘోడా కింద గూడు ఎప్పటికీ ఖాళీ. మర్చిపోయేటోని చేతికి దీన్ని ఇయ్యొద్దని చెప్పు మీ రెడ్డికి” అన్నాడు. నేను మర్చిపోనులే సాబూ అన్నాడు బొజ్జన్న.

మర్చిపోలేదు కూడా. మర్చిపోయి ఉంటే బాగుండేది. మర్చిపోవడం మనుషులకు ఉండేదే, స్టార్టరు బంద్ చేయడం మర్చిపోతారు, బిడ్డను బడికాడ మర్చిపోయి వచ్చిన వాళ్ళున్నారు. పొద్దున తొమ్మిదిన్నరకు బావి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి అరుగు మీద చాప పరిచి కూర్చున్నప్పుడు ప్రతి ఒక్కటీ గుర్తుంది. కొడవళ్ళు, పారలు, మందు కొట్టే డబ్బా, విత్తనాల గొర్రు, బోరు స్టార్టరు పెట్టె మీద పసుపు. ఆ ఇంట్లో ఆయుధపూజకు ఒక పద్ధతి ఉంది, చుట్టుపక్కల ఏ ఊర్లోనూ లేదు. ఏ పనిముట్టూ ఆ రోజు ఖాళీ కడుపుతో కూర్చోకూడదు. మందు డబ్బాలో నీళ్ళు నింపుతారు, గొర్రు గొట్టాల్లో గుప్పెడు కొర్రలు పోస్తారు, ట్రాక్టరు ట్యాంకు అంచు దాకా డీజిలు, కొడవలికి నాలుగు జొన్న కంకులు కడతారు. గోపీనాథ్ తల్లి నాగలక్ష్మమ్మ, ఇంట్లో అందరికీ పెద్దమ్మ, కాపురానికి వచ్చినప్పటినుంచీ అట్లే నడిపింది. రివాల్వరును ప్రతి ఏడూ తోలు సంచిలోనే పెట్టి, సంచి మీదే కుంకుమ పెట్టేవాళ్ళు. ఈ ఏడు సంచి కుట్లు ఊడి కోడుమూరులో కుట్టడానికి ఇచ్చారు, పండుగకు ఇస్తానన్నవాడు ఇవ్వలేదు. అందుకని అది ఒట్టిగా ఇత్తడి పళ్ళెంలో ఉంది. పసుపు చుక్కలు పెట్టడానికి తాను దాన్ని తెరిచి పట్టుకున్నప్పుడు పెద్దమ్మ వంగి చూసింది. ఎనభై దగ్గర పడుతున్నా ఆమె చూపు సూదిలో దారం ఎక్కించే చూపే.

“ఇదేమిరా, ఐదు నిండి ఒకటి బోడిగా ఉండాది?” అంది. “ఖాళీది పెట్టి యాడన్నా దండం పెట్టుకుంటారా? నింపు. బిరిన కానీ, పదిన్నరకు రాహుకాలం.”

అది ఖాళీగానే ఉండల్లమ్మా. ఎంత చిన్న మాట అది. నాలుక వెనక దాకా వచ్చింది, వచ్చి ఆగింది. ఎందుకు ఆగిందో అప్పటినుంచీ వెతుకుతున్నాడు, కారులో వెతికాడు, ఇక్కడ వెతుకుతున్నాడు. భయమా, కాదు, ఆమె తిట్టినా నవ్వు వచ్చేటట్టే తిడుతుంది. మర్యాదా, అదీ పూర్తిగా కాదు. ఎప్పుడూ ఎదురు చెప్పి ఎరగడు, అంతే. ఆ ఇంట్లోనే కాదు, ఎక్కడా. నాన్న అనేవాడు వీనికి నోరు పెట్టడం మర్చిపోయినాడు బ్రహ్మయ్య అని. ఐదో తరగతిలో అయ్యవారు లెక్క తప్పు వేసినప్పుడు పలక మీద సరైన జవాబు వేసుకుని, దాన్ని చేత్తో తుడిచేసి, నల్లబల్ల మీది తప్పునే రాసుకున్నాడు. మాట్లాడని మనిషి అని ఊరంతా మెచ్చుకుంటారు, పంచాయితీల్లో సాక్ష్యానికి పిలుస్తారు, పిలిచి అతను తల ఊపితే చాలంటారు. తల ఊపడం సులభం. పెద్దమ్మకు కూడా తల ఊపి, డబ్బీలోంచి ఒక తూటా తీసి, గుడ్డతో తుడిచి ఆరో గూట్లో పెట్టాడు. వేలికి చల్లగా తగిలింది. ఎంత సేపు, హారతి అయ్యేదాకే కదా, అయిపోతూనే తీసేస్తాను అనుకున్నాడు. దాని మీద కూడా ఒక పసుపు చుక్క పెట్టాడు. మూసినప్పుడు ఘోడా ముక్కు పోయి ఏదో ఒక తూటా వీపు మీద కూర్చుంది. దేనిమీద కూర్చుందో చూడలేదు, చూసి లాభం లేదు, ఆరూ నిండినవే.

పళ్ళెం కింద పెడితే కోళ్ళు వస్తాయని ట్రాక్టరు బానెట్టు మీద పెట్టింది కూడా తనే. అన్నిటికీ కలిపి ఒకే హారతి అని పెద్దమ్మ చెప్పింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గిడ్డమ్మ వెనక చక్రానికి పసుపు పూసి, ముందు చక్రం దగ్గరికి వచ్చి వంగింది, కొంగు నడుముకు దోపుకుంది, ఎడమ చేతిలో పసుపు గిన్నె. తాను గుమ్మడికాయ తేవడానికి నాలుగు అడుగులు అవతలికి వేశాడు. హారతి తర్వాత కదా బండి కదిలించేది, ప్రతి ఏడూ అంతే. ఈసారి రాహుకాలం తరుముకొస్తోందని గోపీనాథ్ ముందే ఎక్కి తాళం తిప్పాడు. ట్రాక్టరు స్టార్టయ్యేటప్పుడు ఒక వణుకు వణుకుతుంది, చలి జ్వరం వచ్చిన మనిషి మాదిరి, అది అందరికీ తెలిసిందే. పళ్ళెం ఆ నున్నటి రంగు మీద ఇంత దూరం జరిగింది, అంత దూరం జరిగింది. బొజ్జన్న చూశాడు. చూసి గుమ్మడికాయ వదిలేశాడు. అప్పుడన్నా అరిచి ఉండవచ్చు, గిడ్డీ అని ఒక్క కేక. నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. పళ్ళెం ఒక చోట పడింది, రివాల్వరు ఇంకొక చోట, ఘోడా ఉన్న వెనక భాగం కిందికి, గొట్టం ఆకాశానికి కాస్త వాలుగా. చప్పుడు పెద్దది కూడా కాదు, పక్కింటి వాళ్ళు టపాకాయ అనుకున్నారట. గిడ్డమ్మ పసుపు గిన్నెను కింద పెట్టింది, ఒలకకుండా, మెల్లగా, ఆ తర్వాత కూర్చుంది.

కారు గోపీనాథే తోలాడు. వెనక సీట్లో గిడ్డమ్మ తల తన తొడ మీద, తువ్వాలు మడిచి గాయం మీద అదిమి పట్టుకున్న చేయి కోడుమూరు దాటేటప్పటికి మొద్దుబారింది. ఆమె కళ్ళు తెరిచే ఉంది. “ఎట్ల పేలె అది?” అని ఒకసారి అడిగింది, అతన్ని చూసే అడిగింది. మాట్లాడొద్దు అన్నాడు. ఆమెను మాట్లాడొద్దన్నాడో, తాను మాట్లాడలేనన్నాడో. రోడ్డుకు రెండు వైపులా ఎర్ర నేల, ఆముదాలు, ఉల్లిగడ్డ కుప్పల మీద పట్టలు, వానకు ముందో వెనకో తెలియని ఆకాశం. గోపీనాథ్ అద్దంలోంచి చూస్తూ చెప్పాడు. “బొజ్జన్నా, విను. ఎవురడిగినా తూటాలు నింపింది నేనే. నువ్వు దాన్ని ముట్టుకోలే. అర్థమాయనా?” అప్పటికే ఆయన తెరిచి చూసి ఉంటాడు, ఐదుకు బదులు ఆరు. ఎవరి పనో ఆయనకు తెలియకపోదు. తన కోసం నింద మీద వేసుకుంటున్నాడా అని మొదట అనుకున్నాడు బొజ్జన్న, కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. పది కిలోమీటర్లు పోయినాక ఇంకొక సంగతి తట్టింది. లైసెన్సు లేనివాడు ముట్టుకున్నాడంటే లైసెన్సు ఉన్నవాడికే మొదట చుట్టుకుంటుంది. ఆ రెండూ నిజమే అయి ఉండవచ్చు. ఒకే మాటలో మంచీ జాగ్రత్తా కలిసి ఉంటాయి, పాలూ నీళ్ళూ మాదిరి, ఎవరు విడదీస్తారు. ఈసారి కూడా తల ఊపాడు.

మెట్ల వైపునుంచి గొంతు ముందు వచ్చింది, మనిషి వెనక వచ్చాడు. గిడ్డమ్మ తమ్ముడు రంగస్వామి, కల్లూరులో షేర్ ఆటో తోలుతాడు, పండుగకు ఆటోకు కట్టిన బంతిపూల దండ ఒకటి ఇంకా చేతికి చుట్టుకునే ఉన్నాడు. వస్తూనే గోపీనాథ్ ముందు నిలబడ్డాడు. “ఏమప్పా రెడ్డీ, దేవునికి మేకను ఇయ్యల్ల గాని మా అక్కను ఇస్తారా? నిండా తూటాలు పెట్టి బండి మీద పెట్టుకుంటారా ఎవురన్నా? కేసు పెడతా. నిన్ను వదిలితే నా పేరు రంగస్వామి కాదు.” గోపీనాథ్ తల ఎత్తి, “పెట్టుకో రంగస్వామీ, తప్పు నాదే” అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనం రంగస్వామిని ఇంకా రేపింది. బొజ్జన్న వైపు తిరిగాడు. “నువ్వేమి బావా, బెల్లం కొట్టిన రాయి మాదిరి కూర్చున్నావు? నీ పెండ్లాము ఆడ లోపల కోతల కింద ఉండాది. ఈయప్పను ఒక్క మాటన్నా అడిగినావా? అడగవులే. ఆ ఇంటి గడప తొక్కినప్పుడే నీ నోరు ఆడ తాకట్టు పెట్టినావు.” బొజ్జన్న ఆకుపచ్చ నేల వంక చూశాడు. రంగస్వామి చెప్పుల కింద అది అణిగింది, లేచింది. చిన్నప్పుడు వీన్ని భుజాల మీద ఎక్కించుకుని ఉరుసుకు తీసుకుపోయాడు, చెరుకు గడ కొనిచ్చాడు. వీడు ఒక మనిషిని పట్టుకుని తిడుతున్నాడు, తిట్టు ఆ మనిషిది కాదు. తప్పు అడ్రసుకు పోయిన ఉత్తరం మాదిరి, అసలు మనిషి ఐదు అడుగుల దూరంలో కూర్చుని, అది తనదని చెప్పకుండా చూస్తున్నాడు. రేపు గిడ్డమ్మ లేచినా వీడు ఇదే చెబుతాడు, ఆమె నమ్ముతుంది, ఊరు నమ్ముతుంది. ఆమె లేవకపోతే, అప్పుడు కూడా ఇదే. అప్పుడైతే ఇంక చెప్పడానికి మనిషే ఉండదు. అది తోచగానే బెంచీ మీద ముందుకు జరిగి కూర్చున్నాడు.

ఆసుపత్రి అవుట్‌పోస్టు హెడ్ కానిస్టేబులు నరసింహ అట్ట మీద కాగితాలు పెట్టుకుని వచ్చి, మధ్య ఖాళీలో కూర్చున్నాడు. లావుపాటి మనిషి, చెవి మీద వెంట్రుకలు, పెన్ను మూత పళ్ళతో తీశాడు. రంగస్వామిని గమ్మునుండమన్నాడు. గోపీనాథ్ తన మాట చెప్పాడు, తానే నింపానని, తానే పెట్టానని, కానిస్టేబులు రాయడం మొదలుపెట్టాడు. పెన్ను కాగితం మీద గీసుకునే చప్పుడు బొజ్జన్నకు స్పష్టంగా వినిపించింది, ఒక్కొక్క అక్షరం.

“సారూ,” అన్నాడు.

ఆ గొంతు తనదేనని నమ్మడానికి ఒక క్షణం పట్టింది. గోపీనాథ్ వద్దన్నట్టు చెయ్యి కొంచెం లేపాడు.

“ఆరోది పెట్టింది నేను సారూ. బానెట్టు మీద పెట్టింది నేనే. రెడ్డి సామికి తెలీదు.”

“లైసెన్సులో నీ పేరుండాదా?”

“లేదు.”

“మరి నువ్వెట్ల ముట్టుకుంటివి?”

“ఇరవై ఆరేండ్లుగా నేనే ముట్టుకుంటాండా.”

కానిస్టేబులు గోపీనాథ్ వైపు చూశాడు. గోపీనాథ్ లేచి కిటికీ దాకా పోయాడు. “నీకేమన్నా పిచ్చి పట్టిందా బొజ్జన్నా,” అన్నాడు వెనక్కి తిరగకుండానే. “మనిద్దరికీ బేడీలు పడతాయి ఇప్పుడు.” తర్వాత ఎవరూ అడగకుండానే, “బండి ముందే స్టార్టు చేసింది నేను. అది కూడా రాసుకోండి” అన్నాడు. కానిస్టేబులు రాసి, కాగితం ఎత్తి, చదివి వినిపించాడు. అందులో ఒకచోట, పూజ తొందరలో పొరపాటున ఆరవ తూటా కూడా నింపితిని, అని వచ్చింది.

“పొరపాటున అనే మాట కొట్టేయండి సారూ.”

“ఏంటికప్పా?”

“పెట్టకూడదని తెలుసు నాకు. తెలిసే పెట్టినా.”

“కాల్చల్లని పెట్టినావా?”

“లేదు.”

“అట్లయితే పొరపాటే గదా. ఆ ఒక్క మాట నీకు గొడుగు మాదిరి, ఉండనీ. అది లేకుంటే లెక్క మారిపోతాది. ఇంటికాడ ఇంకొకసారి ఆలోచించుకుంటావా?”

“వద్దు. పెద్దమ్మకు వద్దని చెప్పలేక పెట్టినా. అట్లనే రాయండి.”

నరసింహ పెన్ను మళ్ళీ ఎత్తాడు. “ముప్పై ఏండ్ల సర్వీసు, ఇట్లాంటి మాట రాయలే నేను,” అని గొణిగి, పొరపాటున అన్నదాని మీద అడ్డంగా ఒక గీత గీశాడు, పైన సన్నగా వద్దని చెప్పలేక అని రాశాడు. గీత పక్కన ఒక సంతకం, కింద ఇంకొక సంతకం పెట్టించుకున్నాడు. బొజ్జన్న బడిలో నేర్చుకున్న అక్షరాలు, గుండ్రంగా, విడివిడిగా, తలకట్లతో సహా పెట్టాడు. కలిపి రాయడం అతనికి రాదు. పిలిచినప్పుడు రావాల, ఊరు విడిచి పోవద్దు అన్నాడు నరసింహ, అట్ట చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

తలుపు తెరుచుకుంది. చొక్కా మీది చీటీలో మహిమ అని ఉన్న నర్సు మాస్కు గడ్డం కిందికి లాగి, “గిడ్డమ్మ మనుషులెవరు? తూటా తీసేశారు. ఈ రాత్రి గడవాల, గడుస్తాదనే అంటాండారు డాక్టరు. కండ్లు తెరిచింది. ఒక్కరే రాండి, రెండు నిమిషాలు” అంది. రంగస్వామి ముందు కదిలాడు. రెండు అడుగులు వేసి ఆగాడు. చేతికి చుట్టుకున్న బంతిపూల దండను విప్పి ఏం చేయాలో తెలియక బెంచీ మీద పెట్టాడు. తిరిగి చూసినప్పుడు అతని కళ్ళల్లో కోపం ఉంది, అయితే ఇప్పుడు అది సరైన మనిషి మీదే ఉంది.

“పో,” అన్నాడు. “నేను చెప్తే అక్క నమ్మదు బావా. నీ గురించి ఎవురు ఏం చెప్పినా నమ్మదు. నువ్వే చెప్పుకో పో.”

బొజ్జన్న చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ముక్కులో గొట్టం, చేతికి సూది, నుదురు ఖాళీగా, గిడ్డమ్మ పైకప్పు చూస్తోంది. అతను వచ్చి నిలబడగానే కళ్ళు ఇటు తిరిగాయి. కనుబొమలు లేపి ఏమి అన్నట్టు అడిగింది, పొలంనుంచి ఆలస్యంగా వచ్చిన రోజు అడిగినట్టే. గదిలో ఏదో యంత్రం టిక్కుటిక్కుమంటోంది. బొజ్జన్న స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

“గిడ్డీ,” అన్నాడు, “పొద్దున అరుగు మీదికి పెద్దమ్మ వచ్చె గదా, ఆడికాణ్ణుంచి చెప్తా. నువ్వు మాట్లాడొద్దు. నేను చెప్తా.”